ఇంట్లో బండి ఎత్తడానికి ప్యాడాక్ స్టాండు, సిజర్ జాకీ: రెండేళ్లు వాడిన తరువాత

సెంటర్ స్టాండు లేని మోటారు సైకిలు కొన్నవారికి ఆ లోటు మొదటి ఏడాది తెలిసిరాదు. మా పల్సర్ ఎన్ఎస్ 200కు ఉచిత సర్వీసులు ఉన్నంతకాలం చైను సంగతి సర్వీసువాళ్లే చూసుకున్నారు. అవి అయిపోయి, ఐదారు వందల కిలోమీటర్లకోసారి చైను తుడిచి నూనె పెట్టే పని నా మీద పడినప్పుడు అసలు ఇబ్బంది అర్థమైంది. వెనుక చక్రం నేల వదలకుండా ఆ పని చేయాలంటే బండిని వాకిట్లో జానెడు నెట్టడం, ఒంగి నాలుగు లింకులు తుడవడం, మళ్లీ జానెడు నెట్టడం. ముప్పావు గంట తరువాత నడుము పట్టేసింది గానీ చైను మాత్రం సగమే శుభ్రపడింది. అందుకే ఆన్‌లైనులో రూ.2,150 పెట్టి వెనుక చక్రాన్ని ఎత్తే ప్యాడాక్ స్టాండు ఒకటి కొన్నాను. ఆ తరువాత మూడు నెలలకు, మా బావమరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 కోసం ఇద్దరం సగం సగం వేసుకుని రూ.3,400కు మోటారు సైకిళ్లకని ప్రత్యేకంగా చేసిన సిజర్ జాకీ తెప్పించాం. మేముండేది విజయవాడలో. ఇంటి ముందు కడప బండలు పరచిన పోర్టికో ఉంది, నీళ్లు నిలవకుండా దానికి గేటు వైపు కాస్త వాలు కూడా ఉంది. ఈ సమీక్షలో నేను చెప్పబోయే మంచి చెడులలో సగం ఆ బండల వల్ల, ఆ వాలు వల్ల తెలిసినవే.

ఆ రెండో వస్తువు కొనడానికి ఒక కారణం ఉంది. స్టాండు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే హిమాలయన్ ముందు చక్రానికి పంక్చరు పడింది. ఆ బండికి సెంటర్ స్టాండు ఉంది కనుక దాని మీద నిలబెట్టి, మా కారు డిక్కీలోని జాకీ తీసి, ఇంజను కింద రక్షణగా ఉండే రేకుకు ఆనించి, ముందు చక్రం నాలుగు వేళ్ల ఎత్తు లేచేవరకు తిప్పాం. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది. తరువాత నేను ముందు ఇరుసు నట్టుకు పానా తగిలించి, అది కదలకపోవడంతో పానాకు ఒక ఇనుప గొట్టం తొడిగి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. నట్టు వదలలేదు, జాకీ వదిలింది. దాని పాదం నున్నటి బండ మీద బెత్తెడు జారి పక్కకు ఒరిగింది. రేకు నొక్కుకుపోయింది. ముందు చక్రం దబ్బున నేలకు దిగి, బండి సెంటర్ స్టాండు మీద నుంచి ముందుకు ఉరకబోయింది. వెనుక క్యారియరు పట్టుకుని నిలబడ్డ బావమరిది చేయి వదలలేదు కాబట్టి నా మోకాలు దక్కింది. "బావా, పంక్చరు వేయించడానికి వంద రూపాయలు నేనిస్తాను, మీరు లేవండి" అన్నాడతను. అతనికి కోపం వచ్చినప్పుడు మర్యాద ఎక్కువవుతుంది.

ఆ రోజు జాకీ బలానికి లోటేమీ రాలేదు. కారును ఒక మూల ఎత్తగలిగిన జాకీకి 200 కిలోలకు కాస్త తక్కువ ఉండే మోటారు సైకిలు ముందు భాగం ఒక లెక్క కాదు. అయితే కారు ఒక మూల లేచినప్పుడు తక్కిన మూడు చక్రాలు దాన్ని నేల మీదే పట్టి ఉంచుతాయి. ద్విచక్ర వాహనానికి అటువంటి ఆసరా లేదు. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసి చూడండి. బండి బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని, కారు జాకీ పాదం వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుంటే, కేంద్రం పక్కకు 5 సెంటీమీటర్లు జరిగితే చాలు, బరువు పాదం దాటిపోతుంది. కోణంలో చెప్పాలంటే అది 5 డిగ్రీలు కూడా కాదు. అదే పాదం వెడల్పు 40 సెంటీమీటర్లు ఉంటే దాదాపు 18 డిగ్రీలు ఒరిగేదాకా బండి తిరిగి తన చోటికే వస్తుంది. పెట్టె మీద ఎన్ని కిలోలు మోస్తుందని రాశారో అందరం చూస్తాం. నన్నడిగితే దానికన్నా ముందు టేపు పెట్టి అడుగు వెడల్పు కొలుచుకోవాలి. నేను ఇప్పుడు చేసేది అదే.

ఇక ప్యాడాక్ స్టాండు విషయానికి వస్తాను. ఇది ఆంగ్ల యు అక్షరంలా వంచిన ఇనుప గొట్టం. దానికి నేల మీద దొర్లే రెండు నైలాన్ చక్రాలు, పైకి లేచిన రెండు చేతులు, వెనక్కు పొడవుగా ఒక పిడి ఉంటాయి. చేతుల చివర రెండు రకాల కొక్కేలు బిగించుకోవచ్చు. వెనుక చక్రాన్ని ఫ్రేముకు కలిపి పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు మర రంధ్రాలు ఉన్న బండ్లకు స్పూల్ అనే చిన్న డమరుకాల వంటి ముక్కలు బిగించి, వాటిని వి ఆకారపు కొక్కేలతో పట్టి లేపడం ఒక పద్ధతి. రబ్బరు తొడుగు ఉన్న ఎల్ ఆకారపు ముక్కలను స్వింగ్ ఆర్మ్ కిందికి తోసి ఎత్తడం రెండో పద్ధతి. మొదటిదే మంచిది, ఎందుకంటే స్పూల్ కొక్కెంలో కూర్చున్నాక ముందుకూ వెనక్కూ జారదు. రెండోదానిలో బండి ఊరికే ఆనుకుని ఉంటుంది. అయినా ఒకే స్టాండును ఇంట్లోని వేర్వేరు బండ్లకు వాడుకోవాలంటే ఎల్ ముక్కలు తప్పవు. అందువల్ల రెండూ పెట్టెలో వచ్చే స్టాండు ఎంచుకుని, రెండేళ్లుగా ఎక్కువగా ఎల్ ముక్కలతోనే వాడుతున్నాను.

ఎత్తడానికి కావలసిన బలం నేను భయపడినంత లేదు. మా బండి 155 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అందులో వెనుక చక్రం మీద పడేది సుమారు సగం. పిడి పొడవు వల్ల ఆ బరువు చేతికి చాలా తేలికగా తెలుస్తుంది, నిండు బిందెను చంక నుంచి గట్టు మీదికి దించినంత శ్రమ మాత్రమే. కష్టమంతా ఆ రెండు క్షణాలలో బండిని నిటారుగా నిలబెట్టడంలో ఉంది. సైడ్ స్టాండు మీద ఎడమకు వాలి ఉన్న బండిని ఎడమ చేత్తో వెనుక పట్టీ పట్టుకుని నిలువుగా లేపాలి, అదే సమయంలో కుడి చేత్తో స్టాండును రెండు వైపులా సమానంగా ఆనించి పిడిని కిందికి నొక్కాలి. మొదటి వారం ఇది ఒంటరిగా నా వల్ల కాలేదు. ఒక వైపు ముక్క స్వింగ్ ఆర్మ్ కింద కూర్చుంటే రెండో వైపుది జారిపోయేది. చివరకు దొరికిన ఉపాయం చాలా చిన్నది. సైడ్ స్టాండు పాదం కింద మూడు సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క ముక్క పెడితే బండి దాదాపు నిటారుగా నిలుస్తుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడం తగ్గి, స్టాండు మీద దృష్టి పెట్టవచ్చు. చెక్క మరీ మందమైతే బండి కుడి వైపుకు పడిపోగలదు కాబట్టి, ఎడమ వైపుకు కొంచెమైనా వాలు మిగిలేలా చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. బండి కదలకుండా ఉండాలని గేరులో పెట్టి ఎత్తుతారు. వెనుక చక్రం నేల మీద ఉన్నంతసేపే గేరు బండిని ఆపుతుంది. ఆ చక్రం గాలిలోకి లేచిన మరుక్షణం గేరు ఉన్నా లేనట్టే, బండిని నిలిపేది ముందు చక్రం ఒక్కటే. కాబట్టి ముందు బ్రేకు లివరును బండి హ్యాండిల్ పిడితో కలిపి గట్టి రబ్బరు పట్టీతో కట్టేయాలి. నేను పాత సైకిలు ట్యూబు ముక్కను రెండు చుట్లు చుట్టి వాడుతున్నాను. మా పోర్టికోలాగా వాలు ఉన్న చోట బండి ముందు చక్రాన్ని ఎగువ వైపుకు పెట్టకూడదు, దిగువ వైపుకూ పెట్టకూడదు. వాలు తక్కువగా ఉన్న గోడవారగా నిలిపి, ముందు చక్రానికి రెండు వైపులా ఇటుక ముక్కలు అడ్డం పెట్టుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది. కడిగిన బండలు పూర్తిగా ఆరేవరకు స్టాండు ముట్టుకోకపోవడం కూడా ఆ జాగ్రత్తలోదే.

దించేటప్పుడు జరిగే పొరపాటు ఎత్తేటప్పటి పొరపాటు కన్నా ఖరీదైనది. చైను పని అయిపోయింది కదా అన్న తృప్తితో పిడి పైకి లేపితే బండి చక్రాల మీదికి దిగుతుంది. అప్పుడు సైడ్ స్టాండు ముడిచి ఉంటే మనం ఏ వైపు నిలబడ్డామో దానికి ఎదురు వైపే పడుతుంది. ఒకసారి నాకూ అదే అయింది. కుడి అద్దం, బ్రేకు లివరు కొన విరిగాయి. ఆ రెండింటికీ అయిన ఖర్చు స్టాండు ధరలో సగానికి దగ్గరగా వచ్చింది. అందులో స్టాండు తప్పేమీ లేదు. అప్పటి నుంచి బండి గాలిలో ఉన్నంతసేపూ సైడ్ స్టాండు తెరిచే ఉంటుంది. చైను తిప్పడానికి అది అడ్డు రాదు, మరి ముడవడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఈ స్టాండు లోపాలు చెప్పకపోతే సమీక్షకు న్యాయం జరగదు. పెట్టె తెరిచినప్పుడే ఎడమ చేయి అతుకు దగ్గర వెల్డింగు పూసలు పూసలుగా ఉంది, అతుకు వెంట ఒక చోట సూది దూరేంత సందు కనిపించింది. దాన్ని ఆటోనగర్‌లో మళ్లీ వెల్డింగు చేయించి, అక్కడే రంగు వేయించాను. వెడల్పు సరిచేసుకునే బోల్టులకు ఇచ్చినవి మామూలు నట్లు. పదిసార్లు ఎత్తి దించేసరికి అవి వదులై ఒక చేయి మరో చేయి కన్నా బయటికి జరిగింది. లోపల నైలాన్ వలయం ఉండే లాక్ నట్లు, స్ప్రింగు వాషర్లు కొని మార్చాక ఆ బాధ పోయింది, వాటికి అరవై రూపాయలు కూడా కాలేదు. ఎల్ ముక్కల రబ్బరు తొడుగులు ఎనిమిది నెలలకే చీలి, స్వింగ్ ఆర్మ్ నల్ల రంగు మీద గోరు గీతల్లాంటి గీరలు పెట్టాయి. సూచనల కాగితంలో ఒక బొమ్మ తప్ప మరేమీ లేదు. ఎంత బరువు మోస్తుందో రాశారు గానీ, ఆ అంకె బండి మొత్తం బరువుకు వర్తిస్తుందో వెనుక చక్రం మీద పడే భాగానికి వర్తిస్తుందో ఎక్కడా లేదు. అమ్మినవారికి రాసి అడిగితే వచ్చిన సమాధానంలో ఆ ప్రశ్నే లేదు. ఇన్ని లోపాలున్నా, సరిచేసుకున్న తరువాత ఈ స్టాండు నా మాట వింటోంది. చైను శుభ్రం చేసి, ఆరబెట్టి, నూనె పెట్టడం ఇప్పుడు ఇరవై నిమిషాల పని. చక్రం మొత్తం విప్పి టైరు మార్పించుకోవడం కూడా రెండుసార్లు దీని మీదే జరిగింది.

చక్రం విప్పేటప్పుడు పాటించవలసిన వరుస మాత్రం కారు జాకీ నేర్పిన పాఠమే. బిగుసుకుపోయిన నట్టు ఏదైనా సరే, దాన్ని రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడే సగం మర వదులు చేసుకోవాలి, ఆ తరువాతే ఎత్తాలి. బిగించేటప్పుడు కూడా చేతికి తగినంత వరకే స్టాండు మీద బిగించి, చివరి బలం బండి దించాక పెట్టాలి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్, అంటే తిప్పే బలం, మేరకు బిగించడానికి ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే మరీ మంచిది.

సిజర్ జాకీ గురించి నా అభిప్రాయం ఇంత సూటిగా లేదు. కత్తెరలా ముడుచుకుని విచ్చుకునే ఈ జాకీకి పైన రబ్బరు పరిచిన వెడల్పాటి బల్ల, కింద అడ్డంగా 38 సెంటీమీటర్ల పాదం ఉన్నాయి. పక్కనున్న మరను పానాతో తిప్పితే వెంట్రుకవాసిగా లేస్తుంది. ఈ నిదానమే దీని సుగుణం. ప్యాడాక్ స్టాండు ఒక్క ఊపులో ఎత్తుతుంది. జాకీ అయితే పావు తిప్పు తిప్పి ఆగి, బండిని చేత్తో కదిపి చూసుకుని, మళ్లీ తిప్పే వీలిస్తుంది. మర తుప్పు పట్టకుండా గ్రీజు రాస్తూ ఉంటే ఇప్పటికీ కొత్తదానిలాగే తిరుగుతోంది. పనితనం స్టాండు కన్నా ఎంతో మేలు. వెల్డింగులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

అయితే ఇది నా బండికి పనికిరాదు. పల్సర్ ఎన్ఎస్ 200కు సైలెన్సర్ డబ్బా ఇంజను కిందే ఉంటుంది. అక్కడ జాకీ పెడితే బరువంతా పలుచటి రేకు మీద పడుతుంది. కొనేముందు బండి కింద పడుకుని ఒకసారి చూసుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. జాకీ బల్ల ఆనవలసింది ఫ్రేము అడుగు గొట్టాలకు, లేదా తయారీదారు మాన్యువల్‌లో చూపించిన చోటుకు. సైలెన్సర్, ఆయిలు ఒంపే బోల్టు, ఆయిల్ ఫిల్టరు మూత, వీటిలో ఏ ఒక్కటీ బల్ల కిందికి రాకూడదు. హిమాలయన్‌కు ఇంజనును కింది నుంచి పట్టి ఉంచే ఫ్రేము గొట్టాలు ఉన్నాయి కాబట్టి, రక్షణ రేకు విప్పేసి గొట్టాలకే ఆనిస్తున్నాం. ఆ బండి నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, సెంటర్ స్టాండు మీద ఇంకా లేస్తుంది. అందుకని జాకీ కింద ప్లైవుడ్ పలక ఒకటి వేస్తాం. పాదం కన్నా అన్ని వైపులా పెద్దదిగా ఉండే ఆ పలక ఎత్తు సరిపెట్టడమే కాక, కడప బండ మీద ఇనుము జారకుండా కూడా ఆపుతుంది. ఇటుకలు, టైల్ ముక్కలు ఎత్తుకోసం వాడటం నేను చూశాను. బరువు ఒక అంచు మీద పడితే అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి.

సెంటర్ స్టాండుతో కలిపి వాడినప్పుడు ఈ జాకీ అద్భుతంగా పనిచేస్తుంది. మరను తిప్పేకొద్దీ ముందు చక్రం లేస్తూ, వెనుక చక్రం నెమ్మదిగా నేలకు దిగుతుంది. అది తాకిన చోట ఆగి, రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టేస్తే బండికి సెంటర్ స్టాండు రెండు కాళ్లు, వెనుక చక్రం, జాకీ, మొత్తం నాలుగు ఆధారాలు దొరుకుతాయి. సెంటర్ స్టాండు లేకుండా ఒక్క జాకీ మీద బండిని పూర్తిగా నేల వదిలేలా ఎత్తే వీడియోలు చాలా ఉన్నాయి. మేమూ ఒకసారి ప్రయత్నించి, పెట్రోలు ట్యాంకు మీద చేయి వేస్తేనే బండి ఊయలలా ఊగడం చూసి దించేశాం. పైకప్పు కొక్కేలకు పట్టీలు కట్టుకునే సదుపాయం ఉన్నవారు చేసుకోవచ్చు. మా పోర్టికోలో ఉన్న ఒకే కొక్కెం ఫ్యానుది.

ఆన్‌లైనులో కొనే బదులు ఆటోనగర్‌లో చేయించుకోకూడదా అని నన్ను చాలామంది అడిగారు. లారీ బాడీలు కట్టే ఊళ్లో ఆ ప్రశ్న సహజమే. మా వీధిలో ఒకరు అలాగే చేయించుకున్నారు, రూ.1,800 అయింది. నా స్టాండు కన్నా మందపాటి గొట్టం, రెండు చేతుల మధ్య అడ్డంగా వేసిన బలమైన పట్టీ, చూడగానే నమ్మకం కలిగించే వెల్డింగు. గట్టితనంలో దానిదే పైచేయి. కానీ వెడల్పు సరిచేసుకునే వీలు లేదు, కొలత తీసుకున్న బండికి తప్ప మరో బండికి సరిపోదు. చక్రాలు ఇనుపవి కాబట్టి బండల మీద దొర్లించినప్పుడల్లా ఇల్లంతా మేల్కొంటుంది. ఒకే బండి ఉండి, దాన్ని ఐదారేళ్లు ఉంచుకునేవారికి నేను అదే సలహా ఇస్తాను. చేయించేటప్పుడు బండిని అక్కడికే తీసుకెళ్లి, స్వింగ్ ఆర్మ్ కింద ఆనించి చూపించాకే చివరి అతుకు వేయించుకోవాలి.

సైడ్ స్టాండు మీద ఉన్న బండి స్వింగ్ ఆర్మ్‌కు కుడి వైపు పొట్టి కడ్డీ లాంటిది పోటు పెట్టి చక్రాన్ని రెండు వేళ్ల ఎత్తు లేపే పరికరాలు కూడా దొరుకుతున్నాయి. ప్రయాణంలో చైనుకు నూనె పెట్టుకోవడానికి సరిపోతాయి, చక్రం విప్పడానికి పనికిరావు. ముందు చక్రం కోసం వచ్చే ప్యాడాక్ స్టాండ్లను, వెనుక స్టాండు మీద బండి నిలిచి ఉన్నప్పుడే వాడాలి. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కును అడుగున పట్టి ఎత్తే రకంతో చక్రం విప్పవచ్చు గానీ ఫోర్కు విప్పడానికి కుదరదు.

స్టాండు మీద ఉన్న బండి ఇంజను నడిపి, గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టి తుడవడం ఎంత సులువుగా కనిపించినా చేయకూడదు. గుడ్డ స్ప్రాకెట్టు పళ్లలో చిక్కిన క్షణంలో వేళ్లు కూడా దాని వెంటే పోతాయి. చేయి వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ఎడమ చేత్తో చక్రాన్ని వెనక్కు తిప్పుతూ, చైను కింది వరుస మీద కుడి చేత్తో బ్రష్షు పెట్టడం చాలు. ఆ ఇరవై నిమిషాలూ పిల్లలను గేటు లోపలికి రానివ్వను. మా చిన్నవాడికి తిరిగే చక్రం కనిపిస్తే చేయి పెట్టకుండా ఉండలేడు.

సెంటర్ స్టాండు లేని బండి ఉంటే ముందు ప్యాడాక్ స్టాండే కొనండి, లాక్ నట్లకూ రబ్బరు తొడుగులకూ మరో రెండు వందలు పక్కన పెట్టుకోండి. సెంటర్ స్టాండు ఉన్న బండికి స్టాండు దండగ, జాకీ ఉపయోగం. నా స్టాండును ఇప్పుడు వీధిలో నలుగురు ఎరువు తీసుకుంటున్నారు. గత నెల ఒకసారి తిరిగి వచ్చినప్పుడు కుడి చేతి బోల్టు ఉన్నది గానీ దాని నట్టు లేదు. నేను చూసుకోకుండా ఎత్తబోతే స్టాండు చేయి లోపలికి జారి, చక్రం లేవకముందే ఆగింది. అప్పటి నుంచి మోటారు గది గోడకు తగిలించే ముందు ఆ నాలుగు నట్లనూ వేలితో తిప్పి చూస్తున్నాను, మళ్లీ దించినప్పుడు ఇంకోసారి చూస్తున్నాను.